నైట్రోజన్ ప్రవేశం

ధ్రువాల దగ్గర పైనుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌ని కొడితే ఆకాశం ఊదారంగులో వెలుగుతుంది. ఈ ముక్క బోర్డు మీద బొమ్మ వేసి చెప్తే సరిపోయేది. సైన్స్ డేకి దీన్నే పిల్లలతో డాన్స్ చేయిస్తానని మా కంకిపాడు స్కూల్లో మాటిచ్చేశాను. నా నోరు ఊరుకోదు.

కూచిపూడి నుంచి వచ్చిన వెంకటకృష్ణారావు మాస్టారు కథంతా విన్నారు. "నైట్రోజన్ తనెవరో చెప్పుకోవాలి కదండీ. తెర వెనక నుంచి వచ్చి పేరూ గుణమూ చెప్పుకోకుండా మాకు ఏ పాత్రా కథలోకి రాదు" అన్నారు. నైట్రోజన్ అణువంటే చేతులు పట్టుకున్నట్టుండే రెండు పరమాణువులు. సరే, రాసిచ్చాను: "మేమిద్దరం, మా పట్టు గట్టిది."

ఆ ఇద్దరికీ సింధూరిని, స్టెల్లాని తీసుకోవడం నా తెలివితక్కువ. ఎల్‌కేజీ నుంచి ఒకే బెంచీ వాళ్ళు. పోయిన నెల డాన్స్ పోటీలకి సింధూరిని ఒక్కదాన్నే పంపారని స్టెల్లా తనతో మాట్లాడడం మానేసిందట. అప్పటికి నాకు తెలియదు.

రిహార్సల్లో ఎలక్ట్రాన్లుగా వేసిన పిల్లలు పరుగున వచ్చి తగలగానే స్టెల్లా చెయ్యి వదిలేసి కింద పడేది.

"పడకూడదమ్మా. దెబ్బలోని శక్తి తీసుకుని, వెలుగుగా ఇచ్చేసి, మళ్ళీ నెమ్మదిస్తుంది నైట్రోజన్. నువ్వు ఒక చేత్తో ఊదా ఓణీ పరిచి చూపించాలి" అన్నాను.

"కొన్ని విడిపోతాయని మీరే చెప్పారు కదా డయానా మేడమ్."

చెప్పాను. గట్టి దెబ్బకి విడిపోయేవీ ఉన్నాయి. అబద్ధమాడలేక, "మీరే రకమో మీరే చూసుకోండి" అనేశాను. ఇంటికి వెళ్ళేదాకా దిగులుగానే ఉంది. డాన్స్ పోతుందని కాదు, ఆ ఇద్దరూ ఇలాగే స్కూలు దాటిపోతారని.

సైన్స్ డే రోజు తెర తీశారు. "మేమిద్దరం" అన్నచోట సింధూరి ఒక్కతే అభినయించింది. స్టెల్లా తల వంచుకుని నిలబడింది.

మృదంగం జోరందుకుంది. ఎలక్ట్రాన్లు ఉత్సాహం ఎక్కువై నిజంగానే గుద్దేశాయి. సింధూరి గజ్జెలు తెగి మువ్వలు స్టేజీ నిండా దొర్లాయి. ఒక మువ్వ మీద కాలేసి వెనక్కి తూలింది.

స్టెల్లా వదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి లాగి నిలబెట్టింది. ఖాళీ చెయ్యి లేక ఊదా ఓణీ పరవనే లేదు. నా పాఠం ప్రకారం వెలుగే రాలేదు.

స్టేజీ పక్కనున్న నాకు వాళ్ళ మాటలు వినిపించాయి.

"చెయ్యి నొప్పెడుతోందే" అంది సింధూరి.

"పెట్టనీ" అంది స్టెల్లా.