ఉమేరా పంపిన వాయిస్ మెసేజ్

గోదావరిఖని సర్కారు బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పే తిరుమలకు ఒకటే దిగులు. పిల్లలు పాఠం చదువుతారు, పరీక్ష రాస్తారు, కానీ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడరు. అందుకే తరగతి గోడకు డిజిటల్ తెర బిగించినప్పుడు సంబరపడింది. అందులోని యాప్ పిల్లల ఉచ్చారణ విని మార్కులు వేస్తుంది.

మెకానిక్ అబ్దుల్ వహాబ్ కూతురు ఉమేరా వంతు వచ్చింది. ఆ పిల్లది ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. "ఐ గో టు ఇస్కూల్" అంది. తెర మీద ఎర్రటి గుర్తు పడింది. వెనక బెంచీ నుంచి ఎవరో "ఇస్కూల్" అని సాగదీశారు. తరగతంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఉమేరాను లేపితే తల వంచుకుని నిలబడేది, అంతే.

తిరుమల ఆ యాప్‌ను పక్కన పెట్టింది. పిల్లలను ఇంట్లో ఫోన్‌లో నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పి తనకు పంపమంది. ఆదివారం ఉమేరా నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే తమ వంటింట్లో గిన్నెలు ఎలా ఊగుతాయో చెప్పింది. తప్పులున్నా అంతా అర్థమైంది. వెనక నుంచి తల్లి గొంతు, "జోర్ సే బోల్ బేటా" అని, ఇంకా గట్టిగా చెప్పమంటోంది.

ఆ సంతోషంలో తిరుమల సోమవారం ఆ మెసేజ్‌ను అందరికీ వినిపించింది. ఉమేరా ఇంగ్లీషుకు ఎవరూ నవ్వలేదు. తల్లి గొంతు రాగానే గొల్లుమన్నారు. మధ్యాహ్నం ఉమేరా సంచి తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు బడికి రాలేదు.

ఆ సాయంత్రం తిరుమల వాళ్లింటికి వెళ్లింది. ఉమేరా తల్లి అక్బరీ బేగం కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"బిడ్డకు జరం గిట్ల వచ్చిందా అక్కా?"

"జరమేం లేదు మేడం. మీరు వింటరని పంపింది. అందరికి వినిపించే ముందు దాన్ని ఒక్క మాట అడిగిన్రా?"

తిరుమలకు మొహం చెల్లలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఉమేరా వైపు తిరిగింది.

"అడగలేదు బిడ్డా. తప్పు నాదే. మంచిగ చెప్పినవని ఆగలేకపోయిన. మళ్ల గట్ల చెయ్య."

ఉమేరా ముందుకు వచ్చి, మెల్లగా అడిగింది.

"మేడం, కెన్ ఐ డిలీట్ ఇట్?"

తిరుమల ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. ఉమేరా మెసేజ్‌ను తీసేసి ఫోన్ తిరిగిచ్చింది.

మర్నాడు ఉమేరా బడికి వచ్చింది. తిరుమల పద్ధతి మార్చింది. ఇద్దరిద్దరు కూర్చుని మాట్లాడుకోవాలి, తిరుమల ఫోన్‌లో వంతులవారీగా రికార్డు చేసుకుని తామే వినాలి. ఇద్దరూ సరేనంటేనే తరగతికి వినిపించాలి. ఉమేరా, పక్క బెంచీలోని రమ జంటగా కూర్చున్నారు. చాలా రోజులు వాళ్లు సరేననలేదు. తిరుమల అడగనూ లేదు.

వానలు జోరందుకున్నాక ఒకనాడు ఉమేరా తనే లేచింది. ఫోన్ బెంచీ మీదే వదిలి, తన అన్న ఉజైర్ కొత్త స్కూటర్ నేర్చుకుంటూ కోళ్ల గూడులోకి దూసుకెళ్లిన సంగతి ఇంగ్లీషులో చెప్పింది. తరగతంతా నవ్వింది. ఈసారి ఉమేరా కూడా నవ్వి, కోళ్లు ఏమయ్యాయో చెప్పసాగింది. క్రియాపదాల్లో తప్పులు దొర్లాయి. వాటి సంగతి రేపు అందరికీ కలిపి చెప్పవచ్చులే అనుకుని తిరుమల వింటూ కూర్చుంది.