వెళ్లే మనిషి గురించి ఒక మాట

ఒరాసియో షట్టరు పైకెత్తి, అరల్లోని గుండీల డబ్బాలను గుడ్డతో తుడుస్తున్నాడు. పొట్టి మనిషి, ఎత్తు మడమల బూట్లు, రంగు వేసిన మీసం, నలగని చొక్కా. బ్యూనస్ ఎయిర్స్ బట్టల బజారులో తన కొట్టు లాంటిది మరొకటి లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అవునన్నవాళ్లు ఆప్తులు, నవ్వి ఊరుకున్నవాళ్లు శత్రువులు. ఆ బేరంలో భార్య విడిచిపోయింది, తమ్ముడు మాట్లాడటం మానేశాడు. గుమాస్తా రుబేన్ సొంత కొట్టు పెట్టుకుంటానంటే, వాడిది చేతివాటమని టోకు వ్యాపారులందరికీ చెప్పాడు. అది అబద్ధం. రుబేన్ కొట్టు తెరుచుకోనే లేదు.

ఇప్పుడు నెలిదా వంతు. సగం జీవితం ఈ కొట్లోనే గడిపిన మనిషి, సాయంత్రంతో మానేసి తన కొట్టు పెట్టుకుంటోంది. రుబేన్ సంగతి ఆమెకు తెలుసు. పొద్దున మాతే అనే ఆకుల తేనీరు కాచి, అతని ముఖం చూడకుండా చేతికిచ్చింది.

ఆ ఊళ్లో మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడం పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినంత మామూలు. మెచ్చుకోలేదని ఒరాసియో ఇద్దరిని మార్చాడు. మూడో ఆమె, గ్రసియేలా, మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. దీన్ని ఆత్మమోహ రుగ్మత అంటారని చెప్పింది. లోపల వెలితి ఉన్నవాడికి పొగడ్త ఎంత పోసినా నిలవదంది. దీనికి మాత్రలు లేవు, వారం వారం వచ్చి మాట్లాడాలంది. ఎవరైనా వదిలి వెళ్తే మీకు కాలుతుంది, ఆ మంట నేను ఆపలేనంది. కాలినప్పుడు ఏం చేస్తారన్నది మాత్రం మీ చేతిలో ఉందని, ముందు అవతలి మనిషికి ఎలా ఉందో చూడమని నిన్ననే చెప్పింది.

మధ్యాహ్నం జిప్పుల టోకు వ్యాపారి మౌరో ఫోన్ చేశాడు.

"నెలిదా సరుకు అడుగుతోందిరా. ఇమ్మంటావా? నువ్వెలా అంటే అలా."

ఒరాసియో మెడ వేడెక్కింది. తను నేర్పిన పని, తన ఖాతాదారులు, తన మౌరో. ఒక్క మాట చాలు. అది నాలుక చివర ఉంది. అవతల బల్ల దగ్గర నెలిదా కొలిచిన రిబ్బనే మళ్లీ కొలుస్తోంది. కళ్లు ఫోను మీదే ఉన్నాయి. భయపడుతోంది, అనుకున్నాడు. నాకే.

"ఏంట్రా, డాక్టరమ్మని అడిగి చెప్తావా? ఆవిడకి పోసిందంతా పోగేస్తే ఇంకో కొట్టు లేచేది."

"ఇవ్వు," అన్నాడు. మౌరోకి వినబడలేదు. మళ్లీ చెప్పాడు. "ఇవ్వు. నమ్మకమైన మనిషి. ఇక్కడికి జనం ఆమె కోసమే వచ్చేవాళ్లు."

ఫోన్ పెట్టేసి, మెచ్చుకుంటుందేమోనని ఆమె వైపు చూశాడు. ఆమె రిబ్బను కత్తిరించి, మడిచి, కొన్నావిడ చేతిలో పెట్టింది. అంతే. ఆ నష్టం కూడా భరించాడు.

సాయంత్రం నెలిదా సంచీ భుజాన వేసుకుంది. ఏదైనా అడగాలనుకున్నాడు, తన గురించి కానిది.

"కొట్టు ఎక్కడ?"

"మా అక్క ఇంటి కిందండీ."

"నీకు అక్క ఉందా?"

"నాకంటే ముందు నుంచే ఉందండీ, ఒరాసియో గారూ."

చురుక్కుమంది. ఆమెకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. పొద్దున్నే మౌరోకి ఫోన్ చేసి రుబేన్ గురించి నిజం చెప్పాలి, అనుకున్నాడు. ఇది ఇంకా ఎక్కువ కాలుతుంది.

దీపాలు ఆర్పబోతూ చూశాడు. బల్ల వెనక కుర్చీలో మిగిలిన బట్టముక్కలతో ఆమె కుట్టుకున్న దిండు ఉంది. ఆమె కూర్చున్న చోట, నడుమ గుంట ఇంకా పూడలేదు.