మూడు లాప్‌టాప్‌లు, ఒకే కొండ

పట్టిక గీసుకోనిదే నాకు ముద్ద దిగదని మా ఆఫీసులో వేళాకోళం. దాన్ని మొదలుపెట్టింది వాఖోలి. వయసులో పెద్దవాడు కాబట్టి అందరం ఆయన్ని మ్జే అని పిలుస్తాం. పన్నెండేళ్ళుగా ఆయనా నేనూ కలిసి మసాబా కొండ ఎక్కుతున్నాం, పన్నెండేళ్ళుగా ఆయన నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. నేనూ ఊరుకోను. నాకూ నోరుంది.

మా పని వానాకాలంలో. గట్టి వాన పడ్డాక బునాసెలే గట్టు మీదికి వెళ్ళి డ్రోన్ ఎగరేస్తాను. నాలుగు వందల పైచిలుకు ఫోటోలు వస్తాయి. వాటన్నిటినీ అక్కడే లాప్‌టాప్‌లో కలిపి ఒక్క పటంగా చేసి, నేలలో నెర్రెలు కిందటిసారి కంటే ఎంత వెడల్పయ్యాయో కొలవాలి. బాగా వెడల్పయితే, కొండచరియ జారేలోపు కింద ఇళ్ళవాళ్ళని లేపాలి. గట్టు మీద ఫోను సిగ్నల్ ఉండదు, ఫోటోలు ఎంబాలే పట్నంలోని ఆఫీసుకి పంపలేం. అందుకే లాప్‌టాప్ కూడా మాతో కొండెక్కాలి. డ్రోనూ దాని బాటరీలూ నా వీపు మీద, లాప్‌టాప్ ఆయన వీపు మీద. మూడో మనిషి ఉండేవాడు, రెండేళ్ళ కిందట ఆ ఉద్యోగం తీసేశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా పటం చూసి ఇల్లు వదిలినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. మ్జే వెళ్ళి వాకిట్లో నిలబడి చెబితే వదిలారు. ఆ కొండ మీద సగం మంది మగపిల్లల సున్తీ పండగకి పాట ఎత్తినవాడు ఆయన. ఆయన గొంతు వాళ్ళకి సొంత ఇంటి మనిషి గొంతు.

మార్చిలో మా పాత లాప్‌టాప్ ప్రాణం వదిలింది. దాని మూత ఊడి అప్పటికే ఏడాదైంది, సైకిలు ట్యూబుతో కట్టి నడిపించాం. మా పై అధికారి ముతోన్యి గట్టి మనిషి, గీచి గీచి ఖర్చుపెడుతుంది. ఆవిడ ఒక దుకాణం నుంచి మూడు కొత్త లాప్‌టాప్‌లు పది రోజులకి అరువు తెప్పించి నా బల్ల మీద పెట్టింది. ఒకటి ఎంచుకో, ఎందుకో రాసివ్వు, మిగతా రెండూ వెనక్కి పంపేద్దాం అంది.

ఇంతకంటే నాకేం కావాలి. ఏడు గడులతో పట్టిక గీశాను. ప్రాసెసరు, మెమొరీ, గ్రాఫిక్స్ చిప్పు, బాటరీ, బరువు, ధర, ఆఖరున మా పనికి పట్టే సమయం. నల్లదానికి బలమైన గ్రాఫిక్స్ చిప్పు విడిగా ఉంది. బరువు రెండు కిలోల మూడొందలు, ధర యాభై ఎనిమిది లక్షల షిల్లింగులు. నీలందానికి మెమొరీ మిగతావాటిలో సగమే, బరువు కిలోన్నర, ధర యాభై ఒక్క లక్షలు. బూడిదరంగుది చేతిలో ఉన్నట్టే ఉండదు, కిలో మీద యాభై గ్రాములు. దానికి ఫ్యాను కూడా లేదు. ధర మాత్రం అరవై ఆరు లక్షలు.

కిందటేడాది తీసిన నాలుగు వందల పన్నెండు ఫోటోలని మూడింట్లోనూ కలిపించాను. నల్లది ముప్ఫై నాలుగు నిమిషాల్లో ముగించింది. నీలందానికి నలభై ఒకటి పట్టింది. బూడిదరంగుది జోరుగా మొదలుపెట్టి, సగానికి వేడెక్కి, ఈడ్చుకుంటూ యాభై రెండు నిమిషాలు తీసుకుంది. ఇంకేం ఆలోచించాలి. నల్లదాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

మ్జే వచ్చి పట్టిక చదివాడు. తర్వాత మూడింటినీ ఒక్కొక్కటే ఎత్తి, సంతలో కోడిని చూసినట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి చూశాడు. బూడిదరంగుది ఎందుకు వద్దని అడిగాడు. అన్నిటికంటే ఎక్కువ ధర, అన్నిటికంటే తక్కువ పని, ఇంకేం చెప్పాలి అన్నాను. ఆ రంగు మీ కోటుకి నప్పుతుందనా అని కూడా అన్నాను. ఆయన నవ్వాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ వారమే వాన పడింది. నల్లదాన్ని పరీక్షగా కొండెక్కించాం. గట్టు మొదట్లో కాఫీ గింజలు తూచే కాటా ఉంది, పైనుంచి వేలాడే కొక్కెం. సరదాకి మా సంచులు రెండూ తగిలించాను. వానకి కింద ఊళ్ళో చిక్కుకుంటే కావాలని తెచ్చే ఛార్జరుతో కలిపి ఆయనది అయిదున్నర కిలోలు, నాది ఆరు. దారిలో ఆయన ప్రతి ఇంటి దగ్గరా ఆగాడు. మేక ఈనిందా, కాఫీ ఎంతకి పోయింది, కోడలు వచ్చిందా. ఈ మధ్య ఆయనకి కబుర్లు ఎక్కువయ్యాయని నేను సణుగుతూనే ఉన్నాను. పదింటికి చేరాల్సినవాళ్ళం పైకి చేరేసరికి పన్నెండు దాటింది.

అక్కడ నల్లది అసలు రంగు చూపించింది. ప్లగ్గు లేకపోతే అది వేగం తగ్గించుకుంటుంది. ఆఫీసులో ముప్ఫై నాలుగు నిమిషాల పని గట్టు మీద యాభై ఎనిమిది పట్టింది. మధ్యలో వాన అందుకుంది. మ్జే సంచిలోంచి రెయిన్‌కోటు తీసి నాకిచ్చాడు. అది నాదే. ప్రతిసారీ నేను మర్చిపోతానని ఆయనే సంచిలో ఉంచుకుంటాడు. మరి మీదేది అంటే, తడవడం తనకిష్టమన్నాడు. యంత్రం మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టా కోసం సంచిలో చెయ్యి పెట్టాను. పట్టా, ఛార్జరు, కొలిచే టేపు తప్ప ఇంకేమీ లేవు. నీళ్ళ సీసా లేదు. ఎప్పుడూ తెచ్చే ఉడికించిన చిలగడదుంపలు లేవు. ఆయన కోటు లేదు.

దిగేటప్పుడు చూశాను. ఆయన కాఫీ మొక్కలు పట్టుకుని, ఏటవాలు చోట్ల వెనక్కి తిరిగి దిగుతున్నాడు. పొద్దున ఇంటింటి దగ్గరా ఎందుకు ఆగాడో అప్పుడు అర్థమైంది. ఒక అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను.

“కుడి మోకాలు,” అన్నాడు. “జనవరి నుంచి.”

“ముతోన్యి మేడమ్‌కి చెప్పలేదా?”

“చెబితే రేపట్నుంచి నాకు కుర్చీ వేస్తుంది. ఆవిడ తప్పేం లేదమ్మాయ్. తెలిసి కూడా పంపిస్తే అప్పుడు ఆవిడ తప్పవుతుంది.” ప్యాంటు అంచు పిండుకున్నాడు. “ఈ ఒక్క వానాకాలం గడవనీ. ఖైన్జా నీ పటానికి లేవదు.”

అది నిజమే. ఖైన్జా ఇల్లు సరిగ్గా పెద్ద నెర్రె కింద ఉంది. మూడేళ్ళ కిందట ఎవరో వచ్చి బెదిరిస్తే ఇల్లు వదిలి వెళ్ళింది. కొండ జారలేదు. తిరిగొచ్చేసరికి గిన్నెలు పోయాయి, చెట్ల మీది కాఫీ ఎవరో కోసుకుపోయారు. ఇంక ఎవరు చెప్పినా కదలనని ఒట్టు పెట్టుకుంది. అత్తా, ఇద్దరు మనవలూ ఆవిడతోనే ఉంటారు.

సంచిలోంచి ముందు తిండి తీసేశాడట. ఇళ్ళ దగ్గర అడిగి తాగొచ్చని తర్వాత నీళ్ళు తీసేశాడు. ఆ తర్వాత కోటు. మరి నాదెందుకు తియ్యలేదు అన్నాను, కోపంగానే.

“నీది నాది కాదుగా, తియ్యడానికి.”

ఇంటికెళ్ళాక చాలాసేపు నామీద నాకే మంటగా ఉంది. బరువు గడి నింపాను గానీ, ఆ బరువు ఎవరి వీపు మీద ఉంటుందో ఒక్కసారీ అడగలేదు. పైగా పరీక్ష పెట్టిందెక్కడ? మా రేకుల గదిలో, ప్లగ్గు పెట్టి. గట్టు మీద రేకులూ లేవు, ప్లగ్గూ లేదు. నెర్రెని ఇంట్లో కూర్చుని కొలిచేవాణ్ణి చూస్తే తిట్టే మనిషిని నేను, లాప్‌టాప్‌ని అలాగే కొలిచాను.

తర్వాత రెండు రోజులు డ్రోను ఇంట్లో పెట్టి, మిగతా రెండు లాప్‌టాప్‌లూ ఆ పాత ఫోటోలతోనే ఒక్కొక్కటిగా నేనే గట్టెక్కించాను. నీలంది నలభై ఏడు నిమిషాలు తీసుకుంది. బూడిదరంగుది నలభై నాలుగే. మా గదిలో ఉక్కకి ఉడికిపోయిన యంత్రం గట్టు మీది చలిగాలికి హాయిగా పనిచేసింది. కొండ దిగుతూ నాలో నేనే నవ్వుకున్నాను. మ్జేకి తేలికదే వస్తుంది, అబద్ధం ఒక్కటీ ఆడక్కర్లేదు అనుకున్నాను.

ధర గడి దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. నీలందానికీ బూడిదరంగుదానికీ తేడా మూడు నిమిషాలు. ధరలో తేడా పదిహేను లక్షలు. మూడు నిమిషాల కోసం ముతోన్యి పదిహేను లక్షలు ఇవ్వదు, నేనైనా ఇవ్వను. మిగిలింది నాలుగు వందల యాభై గ్రాములు. ఆ నాలుగు వందల యాభై గ్రాములకి అంత విలువ ఎందుకో రాయాలంటే మోకాలి సంగతి రాయాలి. రాస్తే మ్జే కొండ దిగిపోతాడు.

చేసిన పని దాచను. ముతోన్యికి ఇవ్వాల్సిన పట్టికని కంప్యూటర్లో ఎక్కిస్తూ, నలభై ఏడు చెరిపేసి యాభై మూడు వేశాను. గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను, ఎవరికీ తెలియదు. యాభై మూడు వేస్తే తేడా తొమ్మిది నిమిషాలు. వాన తరుముకొచ్చే రోజున తొమ్మిది నిమిషాలంటే ముతోన్యి ఒప్పుకుంటుంది. ఒకసారి ఒక కౌన్సిలరు వచ్చి నెర్రె వెడల్పు ఒక్క సెంటీమీటరు తగ్గించి రాయమంటే ఆఫీసు దద్దరిల్లేలా అరిచి పంపించాను. ఆ మనిషినే, ఆ వేళ్ళతోనే యాభై మూడు వేశాను.

మ్జే టీ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తెర మీద అంకెలు చదివాడు. నా ముఖం కూడా చదివాడు.

“నీలందానికి నిజంగా ఎంత పట్టింది?”

నేను టీ గ్లాసు అందుకున్నాను.

“నా కోసమేనా?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “చూడమ్మాయ్. నేను వాకిట్లో నిలబడి ఇల్లు వదలమంటున్నానంటే, నీ అంకె నిజమని నాకు తెలుసు కాబట్టి. అదే వంకరైతే నేను వాళ్ళకి ఏం ముఖం పెట్టుకుని చెప్పను?”

మళ్ళీ నలభై ఏడు వేశాను. వేస్తుంటే ఏడుపొచ్చింది. నీలందే రాయి, ఆ కాస్త బరువు నేను సర్దుకుంటాలే అన్నాడు. ఎలా సర్దుకుంటాడో నాకు తెలుసు. ఆయన సంచిలో తియ్యడానికి ఇంక మిగిలింది నా రెయిన్‌కోటే.

అందుకే నేనూ ఒక షరతు పెట్టాను. ఛార్జరు, పట్టా, కొలిచే టేపు ఇకమీదట నా సంచిలో. వానాకాలం అయిపోయిన రోజున ముతోన్యికి తనే వెళ్ళి చెప్పుకోవాలి. పెద్దవాడి బరువు ఆడపిల్ల మొయ్యడమేమిటని కాసేపు గొణిగాడు. అయితే ఇప్పుడే చెప్పేస్తాను అని లేచాను. కూర్చోవే తల్లీ అన్నాడు. నేను చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తడి కొండ మీద ఆయన కాలు జారితే ఆ తప్పులో నాకూ వాటా ఉండేది.

పట్టికలో ఎనిమిదో గడి గీసి, ‘మోసేది ఎవరు’ అని పేరు పెట్టి, ‘ఇద్దరం’ అని రాశాను. ముతోన్యి ఆ గడి దగ్గర అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఆగింది. ఏమీ అడగకుండా నీలందానికి సంతకం పెట్టింది.

ఏప్రిల్ నెలాఖరులో మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరాం. కాఫీ కాటా దగ్గర పంతం కొద్దీ సంచులు తగిలించాను. నాది ఏడున్నర, ఆయనది రెండున్నర. నేను డ్రోను సంచి పట్టీలు బిగించుకునేసరికి ఆయన ముందు నడుస్తున్నాడు. ఈసారి రెండిళ్ళ దగ్గరే ఆగాడు. పదిన్నరకి గట్టు మీదున్నాం.

పటం తయారవుతూ ఉండగానే చినుకులు మొదలయ్యాయి. నా సంచి తెరిచాను. ఛార్జరు ఉంది, పట్టా ఉంది, టేపు ఉంది. అన్నీ గుర్తుపెట్టుకుని రెయిన్‌కోటు మళ్ళీ ఇంట్లోనే మర్చిపోయాను. తలెత్తి చూస్తే మ్జే తన సంచిలోంచి రెండు కోట్లు తీస్తున్నాడు. వాటి కింద అరిటాకులో చుట్టిన చిలగడదుంపలు.

“కాటాలో ఇవన్నీ లేవుగా,” అన్నాను.

“కొక్కెం నుంచి దించాక పెట్టాను.”

తిట్టాను. తిడుతూనే కోటు తొడుక్కుని దుంప తిన్నాను. నలభై తొమ్మిది నిమిషాలకి పటం వచ్చింది. కిందటిసారి కంటే నెర్రె పందొమ్మిది సెంటీమీటర్లు వెడల్పయింది. రెండుసార్లు కొలిచాను. పందొమ్మిదే.

ఖైన్జా ఇంటికి దిగేసరికి ఆవిడ వాకిట్లో వెదురు మొలకలు తరుగుతోంది. మమ్మల్ని చూసి కత్తి ఆపలేదు. మ్జే చూరు కింద నిలబడ్డాడు. అరవలేదు, బతిమాలలేదు. ఈ రోజే వెళ్ళాలి, కాఫీ తోటకి కాపలా మా తమ్ముడి కొడుకులు చూస్తారు అన్నాడు. ఆవిడ చేతిలో ఉన్న మొలక తరగడం పూర్తిచేసింది. తర్వాత, పోయినసారి కూడా ఇలాగే చెప్పారు, నీకెలా తెలుసు అని అడిగింది.

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

“పందొమ్మిది సెంటీమీటర్లు. ఈ అమ్మాయి కొలిస్తే కొలిచినట్టే. నా కోసమైనా ఒక్క అంకె మార్చదు.”

ఖైన్జా మొదటిసారి నా ముఖంలోకి సరిగా చూసింది. కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అత్తని లేపడానికి లోపలికి వెళ్ళింది. మ్జే మేక తాడు విప్పడానికి వంగాడు. నేను వానలో నిలబడ్డాను. నాకు ఆ యాభై మూడు గుర్తొచ్చింది.