భూతద్దం తీసినవాడు

గడియారాలు బాగుచేసే ఆయనకు సినిమా అంటేనే పడదు. అందులోనూ ఆడవాళ్ళ సినిమా అంటే ఆమడ దూరం. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం ఆటకు తలదువ్వుకుని మరీ బయల్దేరాడంటే కారణం ఒక్కటే, అసూయ. పెళ్ళాం ఆ సినిమాను అప్పటికే మూడుసార్లు చూసింది.

మొదటిసారి లాండ్రీలో తనతోపాటు ఇస్త్రీ చేసేవాళ్ళతో కలిసి వెళ్ళింది. ముచ్చటపడ్డారులే అనుకున్నాడు. రెండోసారి పోనీలే అనుకున్నాడు. మూడోసారి ఒక్కతే వెళ్ళి, ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చి, భోజనం వడ్డిస్తూ తనలో తాను నవ్వుకుంది. పాతికేళ్ళ కాపురంలో ఆమె అలా నవ్వుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన కంచం పక్కకు నెట్టాడు.

"ఈసారి నేనూ వస్తా," అన్నాడు.

"మీరా? నిద్రపోతారండీ."

"పోతే పోయాను. నా నిద్ర నా ఇష్టం."

హాలునిండా ఆడవాళ్ళే. మగపురుగంటూ ఉంటే ఈయనా, తలుపు దగ్గర టార్చిలైటు పట్టుకున్నవాడూ. తెరకన్నా పెళ్ళాం మొహం మీదే కన్నేసి కూర్చున్నాడు. హీరో రాగానే ఆమె కుర్చీ అంచుకు జరిగింది. ఆ హీరో ఆరడుగుల మనిషి, తలనిండా జుట్టు. ఈయన చెయ్యి తెలియకుండానే నెత్తిమీదికి పోయింది. అక్కడ తడుముకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అంతలో హీరో బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం బిగించి, చేతిగడియారం మూత విప్పాడు.

"వీడిదీ నా పనేనా?" అన్నాడు ఈయన, నోరు తెరిచి.

"మొదటిసారి చూసొచ్చిన రోజే చెప్పాను కదండీ. ఊఁ అన్నారు కూడా."

ఆయనకు గుర్తులేదు. పనిలో ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా కుడికంటికి భూతద్దం, ఎడమకన్ను మూత, నోట్లో ఊఁ. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోయే సామాను మరి.

పరాయివాడు పెళ్ళాం మనసు దోచుకుంటే అదొక బాధ. మన పని చేస్తూ మరీ దోచుకుంటే ఒంటికి కారం రాసుకున్నట్టే. ఇక కసిగా తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. వెధవకి పట్టకారు పట్టుకోవడం రాదు. బల్ల మీద తెల్లగుడ్డ కూడా పరుచుకోలేదు. ఇలాంటివాడి చేతికి గోడగడియారం కూడా ఇవ్వకూడదు!

తెర మీద హీరో వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టి లోపల దించబోతున్నాడు. గుమ్మంలోకి హీరోయిన్ వచ్చి, "ఒక మాట చెప్పాలి," అంది. హీరో భూతద్దం తీసి పక్కనపెట్టి, ఆమె వైపు తిరిగాడు. అంతే. పాటా లేదు, ముద్దూ లేదు. అయినా హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. పక్కన పెళ్ళాం రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది.

ఈయన ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"బుద్ధుందా వాడికి? స్ప్రింగు చేతిలో ఉండగా అద్దం తీస్తాడా? ఎగిరిపోతే మళ్ళీ దొరుకుతుందా?"

"ముందు మీరు ఎగిరిపోండి బాబూ, తెర కనబడట్లేదు," అంది వెనక వరసలోంచి ఓ పెద్దావిడ. హాలు గొల్లున నవ్వింది. పెళ్ళాం చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

తిరిగొస్తుంటే ఆయనే కదిపాడు. "ఏం చూసి మురిసిపోతున్నావు వాడిలో? ఆ జుట్టు చూసా?"

"జుట్టుదేముందండీ."

"మరి?"

"స్ప్రింగు ఎగిరిపోతుందని వాడికి మాత్రం తెలీదంటారా?" అంది.

రాత్రంతా ఆయనకు ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆమె కేరేజీ పట్టుకుని షాపుకొచ్చింది. ఆయన పట్టకారు చివర స్ప్రింగు ఉంది. "ఏమండీ," అంది. ఊఁ నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ ఆరడుగులవాడు గుర్తొచ్చాడు. అసూయ మళ్ళీ భగ్గుమంది. వాడు చేసిన పాటి నేను చెయ్యలేనా అనుకుని, భూతద్దం పీకి పక్కనపడేసి, రెండు కళ్ళూ తెరిచి ఆమె వైపు తిరిగాడు. స్ప్రింగు చిటుక్కున ఎటో పోయింది.

కేరేజీ పట్టుకున్న చేతి మణికట్టు మీద, వేలెడు పొడుగున నల్లటి మచ్చ కనిపించింది.

"ఇదేంటి?"

"ఇస్త్రీపెట్టె తగిలి కాలింది."

"ఎప్పుడు?"

"రెండు నెలలు దాటింది. బొబ్బలెక్కి వారంరోజులు ఎడంచేత్తోనే వడ్డించాను. కాలిన రోజే ఇక్కడికొచ్చి చెప్పాను."

నేనేమన్నాను అని అడగబోయి ఆగిపోయాడు. ఏమని ఉంటాడో ఆయనకు తెలుసు. ఆ ఆరడుగులవాడి మీద ఉన్న మంటంతా తిరిగొచ్చి తన మీదే పడ్డట్టయింది.

ఆమె కేరేజీ బల్ల మీద పెట్టి, "అయ్యో, స్ప్రింగు పోయినట్టుంది," అంటూ నేల వెతకడానికి వంగింది.

"దాని సంగతి తర్వాత," అని ఆయన స్టూలు ముందుకు జరిపాడు. "ఇలా కూర్చో. ఎలా కాలిందో మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది. వింటూ వింటూ ఆయన రెండుసార్లు ఊఁ అనబోయి నాలిక కరుచుకున్నాడు.