అమ్మ పతకం కోసం ఎక్కిన కొండ

గుద్రున్ సెలవులకు తన అక్క ఓడ్నీని బెర్గెన్ ఊరికి తీసుకొచ్చింది. చూసినవాళ్లంతా అక్కంటే ఎంత ప్రేమో అనుకున్నారు. ప్రేమా లేదు, పాడూ లేదు. ఏళ్ల తరబడి కడుపులో పెంచుకున్న పగ.

ఆ పగంతా బట్టలకు పిన్నుతో గుచ్చుకునే ఒక వెండి పతకం గురించి. అది వాళ్లమ్మది. అంచున వేలాడే చిన్న చిన్న రేకులు అడుగు తీసి అడుగేస్తే గలగలమంటాయి. అది చిన్నదానికే అని అమ్మ నోరారా అంది. ఆవిడ పోయిన రోజు, శవపేటిక మూత ఇంకా పడకముందే, ఓడ్నీ దాన్ని తన గుండెల మీద గుచ్చేసుకుంది. పండగనాడు పండగ బట్టల మీద తప్ప పెట్టుకోకూడని ఆ పతకాన్ని ఇవాళ వానకోటు మీద పెట్టుకొచ్చింది, చెల్లెలి కళ్లు మండాలని. మండాయి.

గుద్రున్ చేతిలో ఉన్న ఆయుధమల్లా నాన్న పెట్టిన కట్టుబాటే. చేపల పడవ మనిషి ఆయన. ఆదివారం నడకలో ముందు "వెనక్కి పోదాం" అన్న పిల్ల రెండో పిల్ల ఏది అడిగితే అది ఇచ్చి తీరాలనేవాడు. ఆ ఇంటి పిల్లలు ఇంకేది తప్పినా ఈ మాట తప్పరు. వాళ్ల దీవి అరచేయిలా చదును గనక ఎవరూ ఎప్పుడూ ఆ మాట అనాల్సి రాలేదు. బెర్గెన్ అలాంటి ఊరు కాదు, ఎటు చూసినా కొండలే.

"కొత్త జోళ్లా అక్కా? బాగున్నాయి," అంది గుద్రున్ పొద్దున.

"ఊరు చూడ్డానికొచ్చి పాతవి వేసుకుంటామా."

రేవు, చేపల సంత, చెక్క ఇళ్ల వరస అయ్యాక గుద్రున్ రాళ్లు పరిచిన సందుల్లోకి దారి తీసింది. సందు ఎక్కితే ఇంకో సందు, మెట్ల మీద మెట్లు. వాన మొదలైంది. ఆ ఊళ్లో వాన పడుతోందని సణిగేవాణ్ణి చూసి పిల్లులు కూడా నవ్వుతాయి, కాబట్టి ఇద్దరూ సణగలేదు. వెనక పతకం గలగలమంటోంది. ఆ చప్పుడు తడబడేకొద్దీ గుద్రున్‌కు వేడి కాఫీ తాగినంత హాయిగా ఉంది.

"కుంటుతున్నావేంటక్కా?"

"రాళ్లు చూసుకుని నడుస్తున్నా. నీ మొహం చూసి నడవమంటావా?"

"పోనీ కాసేపు కూర్చుంటావా?"

"నువ్వు కూర్చో. చీపురుపుల్ల కాళ్లు నీవే, నావి కావు."

ఇళ్లు అయిపోయి చెట్లూ బురదా వచ్చాయి. ఓడ్నీ ఒక బండ మీద కూలబడి జోడు విప్పింది. మడమ దగ్గర మేజోడు నెత్తురుతో అంటుకుపోయింది. గుద్రున్ సంచిలో పొడి ఉన్ని మేజోళ్లున్నాయి. వాటిని పక్కకు జరిపి, రొట్టె తీసి, మీద జున్ను పెట్టుకుని తీరిగ్గా తింది.

"ఇంకెంత దూరమే?"

"ఈ కొండ వెనక ఇంకో కొండ ఉందిట."

ఓడ్నీ జోడులోకి కాలు దూర్చబోయి మళ్లీ బయటికి తీసింది. "వెనక్కి పోదాం," అంది.

గుద్రున్ చెయ్యి చాపింది. ఏం కావాలని అక్క అడగలేదు. చలికి కొయ్యబారిన వేళ్లతో పిన్నుతో పెనుగులాడి, పతకం ఊడదీసి ఆ చేతిలో పెట్టింది.

"అమ్మ నీకిస్తానందని నాకు తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు. పద, ఇటు."

మలుపు తిరగ్గానే కొండ రైలు స్టేషను కనిపించింది. చెమ్మ తగలని జోళ్లతో జనం రైలు దిగుతున్నారు. ఓడ్నీ నిలువునా ఆగిపోయింది.

"ఇక్కడికి రైలుందా?"

"పొద్దున్నుంచీ ఉంది."

"ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"నువ్వడగలేదు. పతకం గుచ్చుకునేటప్పుడు నువ్వూ నన్నడగలేదు."

రైల్లో కూర్చున్నాక గుద్రున్ సంచి తెరిచి ఒక పొడి మేజోడు అక్క ఒళ్లో వేసింది.

"రెండోదేదీ?"

"ఆ కాలికి నెత్తురు రాలేదుగా," అంది గుద్రున్. పతకం గలగలమనేలా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.