ఐసు పెట్టెలో వచ్చిన ముక్క

మా పిన్నమ్మ కామమ్మ జన్మలో బీడీ ముట్టలా. అయినా ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. అది విన్నరోజు బాగా ఏడ్చా, కానీ సిగ్గులేకుండా చెప్తున్నా, ఏడుస్తానే లోపల కొంచెం ఆశ కూడా పుట్టింది. ఎందుకంటే పొగ తాగని ఆడవాళ్ళకి వచ్చే ఈ రకంలో చాలామందికి ఒకే ఒక్క జీన్ పాడై ఉంటది. ఆ జీన్ అదేనని తేలితే దానికి మాత్ర ఉంది, ఇంట్లో కూర్చుని మింగే మాత్ర! చెన్నైలో ఆ జీన్లు వెతికే ల్యాబ్‌లోనే నా ఉద్యోగం. చేరి ఏడు నెలలు.

వెంటనే చిన్నాయన ముత్యాలయ్యకి ఫోన్ చేసి గడగడా చెప్పేశా.

"క్యాన్సర్ కణంలో వేల మార్పులుంటాయి చిన్నాయనా, అన్నీ చెడ్డవి కావు. పడవలో పదిమంది కూర్చున్నా గడేసి నడిపేది ఒక్కడే గదా? ఆ ఒక్కడెవడో కనిపెట్టాల."

"కనిపెడితే?"

"మాత్ర పోయి వాడి చెయ్యి పట్టేసుకుంటది."

"అబ్బో! మా అన్న నిన్ను టౌన్లో సదివిచ్చింది ఊరికే పోలా."

నెల్లూరులో శుక్రవారం సూదితో ముక్క తీసినారు. దారపు పోగంత. సీసాలో వేసి, మందునీళ్ళు పోసి, చిన్నాయన చేతికే ఇచ్చినారు. ఆమెకి ఆయాసం ఎక్కువ, మళ్ళీ తీయడం కుదరదు, జాగర్త అన్నారంట. శని, ఆదివారాలు మాకు సెలవు. "సోమవారం తీసుకురా, చెడిపోకుండా చూసుకో" అన్నా నేను. అంతే అన్నా. ఆ నీళ్ళేంటో చెప్పాలని తట్టనే లేదు.

సోమవారం పొద్దున్నే దొరవారిసత్రంలో రైలెక్కి వచ్చేశాడు. భుజం మీద చేపల థర్మాకోల్ పెట్టె. ల్యాబ్ గేటు దగ్గరే మూత తీశాడు. సగం కరిగిన ఐసు, మధ్యలో సీసా.

"ఐదుసార్లు ఐసు మార్చినానమ్మే. వంజరం చేపని కూడా ఇంత బద్రంగా తెచ్చుండను."

"సీసాలో నీళ్ళేవి చిన్నాయనా?"

"ఆస్పత్రి బయటకొస్తానే పారబోసినా. మూత తీస్తానే వాసన కొట్టింది. ఫార్మాలిన్! నాలుగురోజుల చేపని ఇప్పుడే పట్టిందని అమ్మే దొంగనాయాళ్ళు కొట్టేది అదే. మీ పిన్నమ్మ కండకి అది పోస్తారా? మంచినీళ్ళతో కడిగి ఐసులో పెట్టినా."

ఆ మందే కణాన్ని ఉన్నదున్నట్టు పట్టి ఉంచుతుంది. ఆయన ముప్ఫై ఏళ్ళుగా పులికాట్‌లో చేపలు పడతా, ఆ వాసనొస్తే సరుకు విసిరికొట్టే మనిషి. ఆయనకి ఇంకోలా ఎట్లా తోస్తది?

మా సీనియర్ హరినాథ్ గారు రెండురోజులు కష్టపడ్డారు. "కణాలన్నీ పగిలిపోయాయి ఉషా. చదవడానికేం మిగల్లేదు." ఒక్కోసారి రక్తంలోనూ ఆ జీన్ ఆనవాళ్ళు దొరుకుతాయని, రక్తం తెప్పించి వెతికాం. దొరకలా. రక్తంలో దొరకలేదంటే జీన్ బాగుందని కాదు, అదే నన్ను చంపేసింది. ఏ జీనో తేలకుండా ఆ మాత్ర ఇవ్వలేమన్నారు డాక్టర్లు. మామూలు కీమో మందు రెండుసార్లు ఎక్కించారు. రెండోసారికే పిన్నమ్మ మంచం దిగలా.

ఆ తర్వాత ఒక ఆదివారం పల్లెకి వెళ్ళా. మంచం పక్కనే ఆక్సిజన్ సిలిండర్.

"ఏందమ్మే, నా ముక్క ఏం చెప్పింది? వంజరమా, కానాగంతా?" అని నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది.

చిన్నాయన నా మొహమే చూస్తా ఉన్నాడు.

"ఆ నడిపేవాడెవడో ఇంకా ఎవరికీ తెలియదంట," అన్నా. "కొందరికి అంతే, ఎంత వెతికినా పేరు దొరకదు."

"నేను తెచ్చింది బాగానే ఉన్నిందా?"

"బాగానే ఉన్నింది."

"చూసినావా!" అన్నాడు పిన్నమ్మతో. "చెప్పలా నేను, ఐసులో ఉంటే చెడదని!"

ఆమెకి మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయినాడు. పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా మొహంలో ఏం చూసిందో.

"నేను పోయినాక మళ్ళా అడుగుతాడు," అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటా ఉంది. "అప్పుడు కూడా ఇదే చెప్పు."

పంతొమ్మిది రోజులకి పోయింది. చిన్నాయన ఇప్పటికి రెండుసార్లు అడిగాడు.