కమలాకర్ పెంచిన పులి

కమలాకర్‌కు తెలివి ఎక్కువ. ఇంట్లో జాగా చాలక కొంత తెలివిని చేను దగ్గరి షెడ్డులో పెట్టుకున్నాడని ఊళ్లో చెప్పుకునేవారు. పాలమూరుకు బస్సులో గంట దూరమున్న ఆ ఊళ్లో అప్పటికి మనుషులకన్నా కోతులే ఎక్కువ. సర్పంచ్ ఎన్నికల్లో నిలబడితే ఏకగ్రీవంగా గెలిచేవి. కాయ ముదిరిన పల్లి చేలో దిగి, మొక్క పీకి, మట్టి దులిపి, లొట్టకాయలు పక్కన పడేసి గట్టికాయలే తినేవి.

పక్క చేను జానయ్య శనివారం శనివారం స్వామి పేరు చెప్పి గట్టు మీద వాటికి అరటిపండ్లు పెట్టేవాడు. ఆదివారం అవి తన చేను పీకాయని నెత్తి కొట్టుకునేవాడు.

“మామా, నువ్వు పిలుస్తున్నవ్, అవి వస్తున్నయ్. గంతే గదా?” అన్నాడు కమలాకర్.

“పండ్లు తినేవి సామి కోతులు అల్లుడా. చేను పీకేవి దొంగ కోతులు. గవి వేరు, గివి వేరు.”

కమలాకర్ ఫోన్లో జంతువుల మనస్తత్వం మీద గంటసేపు వీడియోలు చూపించాడు. జానయ్య శ్రద్ధగా చూసి, “మంచిగున్నయ్ గని, మన కోతులు గిట్ల చెయ్యవు” అని లేచిపోయాడు.

తెలియని మనిషితో మాటలు వృథా అనుకుని కమలాకర్ పాలమూరు బస్సెక్కాడు. అక్కడ అతని దోస్తు నూరుద్దీన్ పెళ్లిళ్లకు సౌండ్ బాక్సులు కిరాయికిస్తాడు.

“పులి గాండ్రింపు కావాలె భాయ్. ఆగి ఆగి రావాలె.”

“పెండ్లికా?” అన్నాడు నూరుద్దీన్, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

“కోతులకు.”

“అయితే బేస్ జర ఎక్కువ పెడ్త.”

షెడ్డు మీద బాక్సు కట్టి ఆన్ చేశాడు. మొదటి గాండ్రింపుకే కోతులు గుట్ట దాటి, జిల్లా దాటిపోయాయి. రెండో గాండ్రింపుకు కమలాకర్ కూడా కొంతదూరం పరుగెత్తి, పులి తనదేనని గుర్తొచ్చి ఆగాడు. చెబితే ఊరంతా బాక్సు అడుగుతుందని తల్లి శ్యామలమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

చేనుకు తడి పెట్టాడు. నేల మెత్తగా ఉన్నప్పుడే పల్లి పీకాలి. ఆరిందంటే మొక్క చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. ఏడాది పంట అంతా ఆ తడి మీదే ఉంది. కూలీల ముఠాను నడిపే బిక్షమ్మ ఇంటికి పోయాడు.

“నీ చేనుకా? మేం రాం బిడ్డా. ఆడ పులి తిరుగుతాంది.”

“నువ్వు జూసినవా అత్తా?”

“జానయ్య ఇన్నడు. మా స్వరూప తోక జూసింది. బస్సంత ఉందట.”

“పులా?”

“తోకనే.”

కమలాకర్ ఇంటికొచ్చి బాక్సును గడ్డివాములో దాచాడు. బాక్సు ఆగింది. పులి ఆగలేదు. మధ్యాహ్నానికి దానికి రెండు పిల్లలు కూడా పుట్టాయి.

అప్పుడే నిజం చెప్పేయొచ్చు. కానీ ఇన్నేళ్లూ నవ్వే పక్షంలో ఉన్నవాడు, నవ్వులపాలయ్యే పక్షంలోకి పోవాలంటే కాలు రాలేదు. అందుకని ఇంకాస్త తెలివి వాడాడు. ఫోన్లో ఎక్కడిదో పులి వెనకభాగం ఫోటో వెతికి, ‘పులి గుట్ట దాటిపోయింది, నేనే చూసిన’ అని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అప్పటిదాకా నమ్మని నలుగురు కూడా నమ్మారు.

తెల్లవారి అటవీశాఖ వాళ్లు బోను తెచ్చి చేను నడుమ పెట్టారు. ఎరగా మేకను కట్టేశారు. పులి దొరికేదాకా ఎవరూ చేలో అడుగుపెట్టొద్దన్నారు. ఆ మేక పొద్దంతా కమలాకర్ పల్లి మొక్కలు మేస్తూ పులి కోసం ఓపిగ్గా ఎదురుచూసింది.

శ్యామలమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కొడుకు వచ్చి పక్కన కూలబడ్డాడు.

“ఇంకో బాక్సు తెస్తనమ్మా. పులిని పక్కూరికి తోలుత.”

“తోలు. ఆ ఊరోళ్లు గూడ చేలకు పోరు. ఈడ నేల ఆరుతాంది కొడుకా.”

“మరేం జెయ్యమంటవ్?”

“పులివి నువ్వేనని చెప్పు.”

“నవ్వుతరే!”

“నవ్వనీ. నవ్వేటోళ్లు భయపడరు. భయపడనోళ్లు పనికొస్తరు.”

కమలాకర్ ఆ మాటలో తప్పు వెతికాడు. చాలాసేపు వెతికాడు. దొరకలేదు. అతన్ని బాగా నొప్పించింది అదే.

బాక్సు నెత్తిన పెట్టుకుని బిక్షమ్మ వాకిట్లోకి నడిచాడు. ముఠా మొత్తం అక్కడే ఉంది. అటవీశాఖ వాళ్లూ చాయ్ తాగుతున్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“ఏదీ, అను” అంది బిక్షమ్మ.

అతను స్విచ్ కోసం తడుముకున్నాడు.

“బాక్సు గాదు బిడ్డా. నువ్వే అను.”

కమలాకర్ కళ్లు మూసుకుని గాండ్రించాడు. తల్లి తప్పిపోయిన దూడ కూడా అంతకన్నా భయంకరంగా అరుస్తుంది. వాకిట్లో లేచిన నవ్వుకు జడ్చర్ల స్టేషన్లో రైలు ఆగి, ఏమైందని అడిగి వెళ్లింది. స్వరూప నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుంది, తోక చూసింది తనేనని మరిచిపోయి. అటవీశాఖ పెద్దాయన మందలించాలనే నోరు తెరిచాడు, కానీ నవ్వే వచ్చింది. బోను తీసుకుపోయారు. మేక బాగా బలిసి ఉండటంతో దాన్ని లారీ ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది.

ఆ పూటే ముఠా చేలో దిగింది. తడి ఇంకా ఉంది. మొక్క పట్టి లాగితే కాయలు గుత్తులుగా వచ్చాయి. జానయ్య మాత్రం గట్టు మీదే నిలబడ్డాడు.

“నీ బాక్సు వేరు, ఆ పులి వేరు అల్లుడా.”

శనివారం అతను మళ్లీ పండ్లతో వచ్చాడు. కమలాకర్ ఫోన్ తీయబోతుంటే శ్యామలమ్మ చెయ్యి పట్టి ఆపింది.

“అన్నా, సామి గుడి గుట్ట మీదున్నది. నువ్వు పండ్లు గట్టు మీద పెడ్తవేంది? ఆయన దిగి రావాల్నా?”

జానయ్య ఉలిక్కిపడి, చెంపలు వేసుకుని, గంప నెత్తినెత్తుకుని గుట్ట దారి పట్టాడు. ఎక్కడినుంచో తిరిగొచ్చిన కోతులన్నీ వరుసగా అతని వెంట నడిచాయి.

కమలాకర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“పులీ!” చేలోంచి బిక్షమ్మ కేకేసింది. “జర నీళ్లు తేపో!”

ముఠా అంతా నవ్వింది. కమలాకర్ కూడా నవ్వుకుంటూ బిందె ఎత్తుకున్నాడు.